నాలుకకు అతుక్కోని ముక్క

ఆ లాబ్‌లో ఒక అలవాటు ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు ఎవరూ పాఠంలా చెప్పరు, చూసి నేర్చుకోవాల్సిందే. ఫర్నేస్ చల్లారి, కాలిన పింగాణీ ముక్కలు బయటికి వచ్చాక, అంచు విరిగి పనికిరాకుండా పోయిన ముక్క ఒకటి ఏరి నాలుక చివర ఆనిస్తారు. ముక్క నాలుకను పట్టుకుని వేలాడితే ఆ విడత బాగా వచ్చినట్టు. జారి కింద పడితే ఎక్కడో తేడా కొట్టినట్టు. తర్వాత మైక్రోస్కోపులు, మెషీన్లు ఎలాగూ ఉన్నాయి. మొదటి మాట మాత్రం నాలుకదే. బయటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని తలుపు దగ్గరగా వేసి మరీ చేస్తారు ఈ పని.

అందులో మంత్రమేమీ లేదు. ఆ ముక్క నిండా కంటికి ఆనీ ఆనని సందులు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారులు. ఆ దారులు తెరిచి ఉంటే నాలుక మీది తడిని చటుక్కున లాగేసుకుంటాయి. అందుకే అతుక్కుంటుంది. ఇక్కడ తడి వెళ్ళిన దారిలోనే రేపు ఒంట్లో నెత్తురు వెళుతుంది, నెత్తురు వెంట కణాలు వెళతాయి, అవి అక్కడే కాపురం పెట్టి కొత్త ఎముక కట్టుకుంటాయి. కట్టుకుంటున్న కొద్దీ పింగాణీ మెల్లగా కరిగి తప్పుకుంటుంది. ఎముక నుజ్జయిపోయి తీసేయగా మిగిలిన ఖాళీలో పెట్టడానికి చేసే ముక్క అది. దాని పనల్లా చోటు చూపించి, తర్వాత మర్యాదగా వెళ్ళిపోవడం.

ఆ ముక్కలు చేసే అమ్మాయిని లాబ్‌లో అందరూ సున్నమ్మ అంటారు. కాల్షియం పొడిని జల్లించి, నీళ్ళలో పలచటి పిండిలా కలిపి, స్పంజి ముక్కల్ని అందులో ముంచి, చేత్తో పిండేసి, ఆరబెట్టడం ఆమె పని. సాయంత్రానికి కనుబొమలతో సహా తెల్లబడి, అప్పుడే గోడకు సున్నం కొట్టి నిచ్చెన దిగినట్టు ఉంటుంది. ఆరినవాటిని ఫర్నేస్‌లో పెడితే స్పంజి మండి ఆవిరైపోతుంది. దాని ఆకారం మాత్రం, ఆ సందులన్నిటితో సహా, పింగాణీగా మిగులుతుంది. ఫర్నేస్‌కూ ఒక పేరుంది: అత్తగారు. తొందరపెడితే అలుగుతుంది. వేడి ఒక్క పిసరు గబగబా పెంచారా, లోపలున్నవన్నీ పగలగొట్టి చేతిలో పెడుతుంది.

సున్నమ్మ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళలో ఆమే మొదలు. నాన్నకు వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు ఉంది. బట్టలు తెచ్చినవాళ్ళకల్లా "మా పెద్దది ఎముకలు చేస్తుందండీ" అని చెబుతాడు. ఆ మాటకు సగంమంది ఒకడుగు వెనక్కేస్తారు.

ఈ ఉద్యోగంలోకి ఆమె దారి తప్పి రాలేదు. చిన్నప్పుడు తమ్ముడికి మోకాలి కింద ఎముకలో గుల్ల ఏర్పడింది. డాక్టర్లు దాన్ని గీకి, వాడి తుంటి నుంచే ఎముక తవ్వి తెచ్చి పూడ్చారు. కాలు బాగుపడింది. తవ్విన తుంటి మాత్రం వాణ్ణి ఇప్పటికీ ఆ పక్కకు తిరిగి పడుకోనివ్వదు. "ఒక దెబ్బ మానడానికి ఇంకో దెబ్బ కొట్టడమేంటక్కా?" అని ఆస్పత్రి మంచం మీద వాడు అడిగాడు. ఆమె ఇంతదాకా చదివింది ఆ ప్రశ్న వెంటపడే.

ఆ తుంటి నొప్పి మళ్ళీ తిరగబెడితే, తమ్ముణ్ణి చూపించడానికి సెలవు పెట్టింది సున్నమ్మ. సెలవు ముగిసి లాబ్‌కు వచ్చేసరికి బల్ల మీద ట్రేలో కొత్త విడత ముక్కలు ఉన్నాయి. తెల్లగా, నున్నగా, కడిగిన పళ్ళలా మెరుస్తున్నాయి. ఆమెకు ఆ మెరుపే నచ్చలేదు. మూల విరిగినదొకటి ఏరి నాలుకకు ఆనించింది.

ముక్క జారి బల్ల మీద టక్కున పడింది.

నాలుక ఎండిపోయిందేమో అనుకుంది. నీళ్ళు తాగి మళ్ళీ ఆనించింది. మళ్ళీ టక్కు. ఇంకోటి తీసింది. అదీ అంతే. వేలితో రాసి చూస్తే పైన సన్నటి చర్మం కట్టినట్టుంది. భూతద్దం కింద పెట్టింది. పాత ముక్కలో వందల కిటికీలు తెరిచి ఉండే చోట, ఇందులో అన్నిటికీ మూతలు.

"బాబాయ్!"

ఫర్నేస్ చూసుకునే ఆయన్ను లాబంతా బాబాయ్ అనే పిలుస్తుంది. పిలుపు వినగానే ఆయన మీటర్ వైపు తిరిగి, దాన్ని మొదటిసారి చూస్తున్నంత శ్రద్ధగా చూడసాగాడు.

"బాబాయ్, ఇవేంటి?"

"ముక్కలేనమ్మా."

"నేను చేసినవి ఇలా లేవే. పైన ఏం పూశారు?"

"పూయలేదు. ముంచాం." గొంతు సవరించుకున్నాడు. "నీ పిండే, ఇంకాస్త చిక్కగా కలిపి, ఒక్క ముంచు ముంచి మళ్ళీ కాల్చాం. పాలిష్ సారు చెప్పాడు."

పాలిష్ సారంటే ఆ లాబ్‌కు పెద్ద. అంతకుముందు బాత్‌రూమ్ టైల్స్ కంపెనీ నడిపాడు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు బొటనవేలితో నిమిరి చూస్తాడు. గరుకు తగిలితే మొహం ముడుచుకుపోతుంది.

"ఎందుకు చెప్పాడు?"

"మన ముక్కలు వాడే ఆస్పత్రి డాక్టరమ్మ ఫోన్ చేసింది. ముక్క పట్టుకుంటే గ్లౌజుకి పొడి అంటుతోందట. ఇక చూడు, సారు ఊగిపోయాడు."

"పొడి అంటక ఏం చేస్తుంది? కడగడం మానేశారుగా మీరు!"

అది నిజం. కాల్చిన ముక్కల్ని మళ్ళీ మళ్ళీ నీళ్ళలో ఆడించి, సందుల్లో ఇరుక్కున్న పొడి వదిలేదాకా కడిగి, ఓవెన్‌లో నిదానంగా ఆరబెట్టాలి. ఆ ఓవెన్‌ను పాలిష్ సారు ప్రదర్శనకు పెట్టే నమూనాల కోసం లాగేసుకున్నాడు. దాంతో కడిగింది ఆరబెట్టే చోటు లేక, ఒక్క విదిలింపుతో సరిపెట్టేస్తున్నారు. అప్పుడే ఆమె మొత్తుకుంది. ఎవరికీ చెవికెక్కలేదు.

"ఒళ్ళు కడుక్కోమంటే చొక్కా మీద చొక్కా వేసుకున్నట్టుంది మీ పని. నాకొక్క ఫోన్ చేయాలనిపించలేదా బాబాయ్?"

"నువ్వు ఆస్పత్రి గొడవలో ఉన్నావని..."

"నా గొడవ మీద అంత జాలా? ఈ ముక్క ఎవరి కాల్లోకి వెళుతుందో వాడి మీద లేదేం?"

బాబాయ్ గుడ్డతో మీటర్ అద్దం తుడిచాడు. ఇద్దరు పిల్లల చదువులు, ఇంకా పూర్తికాని ఇల్లు ఆయన మొహంలో కనిపించాయి ఆమెకు. కనిపించినా కోపం తగ్గలేదు. ముంచే ముందు తన నాలుకకు ఒక్కసారి ఆనించి ఉంటే ఆయనకూ తెలిసేది. బహుశా తెలుస్తుందనే ఆనించలేదు.

పాలిష్ సారు గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆమె వెళ్ళేసరికి ఆయన నున్నటి ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని నిమురుతున్నాడు.

"రా రా. చూశావా, ఇప్పుడెలా ఉందో! ఇన్నాళ్ళూ నువ్వు చేసినవి చెదలు కొట్టినట్టుండేవి."

"అలాగే ఉండాలి సార్. ఆ రంధ్రాల్లోకే ఎముక పెరుగుతుంది. మీరు పైన మూసేశారు."

"మూసేస్తే బలం పెరిగింది. నొక్కుడు మిషన్లో పెట్టి చూశాం. నీ పాత ముక్క అప్పడంలా నలిగిపోయింది. ఇది మిషన్‌నే ఏడిపించింది."

"సార్, దాని మీద ఎవరూ ఇల్లు కట్టరు. కాలికి ప్లేటు ఎలాగూ వేస్తారు, బరువు అది మోస్తుంది. ఈ ముక్క చేయాల్సింది ఎముకను లోపలికి రానివ్వడం. తలుపులు మూసేసి చుట్టాల్ని రమ్మన్నట్టుంది ఇది."

"ఎముక దారి అదే వెతుక్కుంటుందమ్మా. ప్రకృతి."

"వెతుక్కోదు సార్. చుట్టూ పొరలా కట్టి ఊరుకుంటుంది. లోపల ఇది రాయిలా ఉండిపోతుంది. ఏడాది తర్వాత కదిలితే మళ్ళీ కోసి తీయాలి."

ఆయన ముక్కను బల్ల మీద పెట్టి, వేళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు చదివింది ఒక సబ్జెక్టు. నేను చదివింది కొనేవాడి మొహం. డాక్టర్ చేతికి పొడి అంటితే వస్తువు చవకబారుదనుకుంటుంది. రేపు ఉదయమే ఆపరేషన్. ముక్కలు నిన్ననే ఆస్పత్రికి వెళ్ళిపోయాయి. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు?"

సున్నమ్మ బల్ల దగ్గరికి ఒకడుగు వేసింది. "వెళ్ళిపోయాయా? పద్ధతి మార్చినట్టు డాక్టరమ్మకు చెప్పారా?"

"మంచి మార్పు చెప్పాల్సిన పనేముంది? చేతికి తీసుకుంటే ఆవిడకే తెలుస్తుంది."

"అయితే నేను చెబుతాను సార్."

"చెప్పు." ఆయన నవ్వాడు, గొంతు పెంచలేదు. "చెప్పి అటునుంచి అటే ఇంటికి వెళ్ళు. మీ నాన్నకు ఇస్త్రీ కొట్టులో సాయంగా ఉంటావు."

ఆమె బయటికి వచ్చింది. తిట్టు తనకైతే దిగమింగేది, అది ఇంటినుంచే అలవాటు. నాన్న ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడ్డ కాళ్ళ మీదుగా ఆమె ఇంతదాకా వచ్చింది. ఆ కొట్టును పాలిష్ సారు ఊరికే నోటికి తీసుకున్నాడు, అదీ నవ్వుతూ. ఇంటికి బయల్దేరే ముందు పాత, కొత్త విడతల ట్రేలు రెంటిలోంచీ విరిగిన ముక్కలు ఏరి, రెండు పొట్లాలు కట్టి సంచిలో వేసుకుంది.

సాయంత్రం కొట్టులో నాన్న ఒక తెల్ల చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతున్నాడు. తమ్ముడు నొప్పి లేని పక్కకు ఒరిగి స్టూలు మీద కూర్చున్నాడు. విషయం విని నాన్న పెట్టె పక్కన పెట్టాడు.

"నువ్వు డాక్టరువా?"

"కాదు నాన్నా."

"ఆ లాబ్ నీదా?"

"కాదు."

"మరి నీకెందుకే? నలుగురూ ఊరుకున్నచోట నువ్వొక్కదానివి నోరు తెరిస్తే, తెరిచిన నోట్లోనే మట్టి పడుతుంది. ఈ ఉద్యోగం కోసం ఎన్నేళ్ళు చదివావు!"

"చదివింది ఇందుకే కదా నాన్నా? ఇప్పుడు ఊరుకోవడానికైతే చదవకపోయినా సరిపోయేది."

తమ్ముడు స్టూలు మీద కదిలాడు. కదిలినప్పుడల్లా వాడి పళ్ళు బిగుసుకుంటాయి. అది వాడికి తెలియదు, ఇంట్లో అందరికీ తెలుసు.

"అక్కా, ఆ ముక్క పెట్టకపోతే ఆ పేషెంటుకేం చేస్తారు?"

ఆ ప్రశ్నే మధ్యాహ్నం నుంచీ ఆమెను తొలుస్తోంది. ముక్క పనికిరాదని తేలితే డాక్టరమ్మ చేతిలో మిగిలేది పాత దారే. అతని తుంటిని తవ్వుతుంది. ఏది జరగకూడదని తను ఇంత చదువు చదివిందో, తను నిజం చెబితే సరిగ్గా అదే జరుగుతుంది.

నాన్న పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు కాలరు మీదే నడిపాడు. చివరికి అటే చూస్తూ, "ఆస్పత్రికి పొద్దున్నే వెళ్ళాలంటే మొదటి బస్సు పట్టుకో. రెండోది కిక్కిరిసి ఉంటుంది" అన్నాడు.

ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ ముందు వరండా, పినాయిల్ వాసన. పేషెంటు బస్సు డ్రైవరు. లారీ గుద్దినప్పుడు పిక్క ముందరి ఎముక ఒకచోట పొడి అయిపోయింది. ట్రాలీ మీద ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని పడుకున్నాడు. పక్కన వాళ్ళక్క ఫ్లాస్కు, దుప్పటి, ఎక్స్‌రే కవరు అన్నీ ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చుంది.

డాక్టరమ్మ పొట్టి మనిషి, నడక మాత్రం పరుగు. సున్నమ్మ ఎదురువెళ్ళి ఎవరో చెప్పుకుంటే, ఆగకుండానే అంది: "ఇప్పుడా? లోపల అంతా సిద్ధమయ్యాక?"

"ఒక్క ముక్క ప్యాకెట్ చింపి నీటి చుక్క వేసి చూడండి మేడం. ఒక్కటే. పీల్చుకుంటే నేను క్షమాపణ చెప్పి వెళ్ళిపోతాను."

ఆ 'ఒక్కటే' అంటూ దారికి అడ్డంగా నిలబడింది. డాక్టరమ్మ ఆగింది. ఆమె కళ్ళలోకి చూసి, లోపలికి వెళ్ళి, ట్రేలో ముక్క పెట్టుకుని వచ్చింది. రంగు కలిపిన సెలైన్ చుక్క దాని మీద వదిలింది. చుక్క పూసలా నిలబడిపోయింది. ట్రే వంచితే దొర్లుకుంటూ పోయింది. సున్నమ్మ పాత ముక్క తీసి పక్కన పెట్టింది. దాని మీద పడిన చుక్క పడినట్టే మాయమై, అడుగున నీలంగా తేలింది.

డాక్టరమ్మ రెండు ముక్కల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత అన్న మాటలకు వరండా చివరున్న నర్సు కూడా తలెత్తింది.

"నేనడిగింది పొడి రాలకుండా చూడమని! గోడకు లప్పం పెట్టినట్టు పూత పెట్టమని ఎవరన్నారు? పద్ధతి మార్చి, మాట మాత్రం చెప్పకుండా, అదే పేరుతో పంపిస్తారా? నేను దీన్ని మనిషి కాల్లో పెట్టేదాన్ని! పెట్టి, కుట్టేసి, బాగా వచ్చిందని చేతులు కడుక్కునేదాన్ని!"

"అవును మేడం" అంది సున్నమ్మ.

"సరే. తుంటి నుంచి తీస్తాను." డాక్టరమ్మ నర్సు వైపు తిరిగింది.

"వద్దు మేడం! కడిగి, సరైనవి చేసి తెస్తాను. కొంచెం ఆగితే..."

ఈసారి విరుచుకుపడింది డ్రైవరు అక్క. "ఆగాలా? ఎవరమ్మా నువ్వు? రాత్రినుంచీ పచ్చి మంచినీళ్ళు లేకుండా పడున్నాడు వీడు! ఈ పూట కోసం నేను ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నానో తెలుసా? మీ దగ్గర ముక్క బాగోకపోతే నా తమ్ముడు పస్తుండాలా? తప్పు మీది, ఎదురుచూపులు మావా?"

ప్రతి మాటా నిజమే. సున్నమ్మ తలవంచుకుని అన్నీ విన్నది. పాలిష్ సారు వినాల్సినవి తను వింటోంది. కానీ ఈ అక్కకు ఆ సారెక్కడ దొరుకుతాడు? దొరికింది తనే.

"నాకూ తమ్ముడున్నాడక్కా" అంది చివరికి. "వాడికి తుంటి నుంచే తీశారు. కాలు నడుస్తోంది. పడుకోవడమే చేతకాదు. మీ తమ్ముడిది రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం కదా."

అక్క నోరు మూతపడలేదు గానీ గొంతు దిగింది. ట్రాలీ మీది డ్రైవరు మొదటిసారి మాట్లాడాడు.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"కలపాలి, ముంచాలి, ఆరాలి, కాలాలి, కడగాలి, మళ్ళీ ఆరాలి. మా ఫర్నేస్‌ను అత్తగారంటాం. తొందరపెడితే అన్నీ పగలగొడుతుంది. అయినంత త్వరగా అని మాత్రమే చెప్పగలను."

"అత్తగారా!" డ్రైవరు నవ్వబోయి కాలు నొప్పికి ఆపుకున్నాడు. "డాక్టరమ్మా, నన్ను వార్డుకు పంపి ఏదో ఒకటి తినిపించండి. తుంటి జోలికి మాత్రం వెళ్ళకండి. సీటు మీద కూర్చోలేకపోతే కాలుండి నేనేం చేసుకోను?"

డాక్టరమ్మ ట్రాలీని వార్డు వైపు తిప్పమని నర్సుకు చెప్పింది.

లాబ్‌కు వెళ్ళేసరికి గేటు దగ్గర తనను ఆపేస్తారనే అనుకుంది సున్నమ్మ. ఎవరూ ఆపలేదు. పాలిష్ సారు గది తలుపు తెరిచి ఉంది. ఫోన్లో ఆయన గొంతు వరండా అంతా వినిపిస్తోంది.

"అవును మేడం, మేమే పంపించాం మా అమ్మాయిని! అనుమానం రాగానే పరిగెత్తించాం. మా దగ్గర నాణ్యత అంటే నాణ్యతే మేడం. ఒక్క ముక్క తేడా ఉన్నా మాకు నిద్ర పట్టదు."

సున్నమ్మ గుమ్మంలో నిలబడి వింది. తిడతాడని సిద్ధపడి వచ్చింది, తీసేస్తాడని సిద్ధపడి వచ్చింది. ఇలా తన కోపాన్ని కూడా నున్నగా పూత పూసి తన సరుకుగా అమ్ముకుంటాడని మాత్రం ఊహకు రాలేదు.

ఆయన ఫోన్ పెట్టి, ఏమీ జరగనట్టు నవ్వాడు. "అంతా సర్దుకుంది. చెప్పు, నీకేం కావాలి?"

"ఓవెన్ కావాలి సార్. ఇప్పుడే. మీ నమూనాలు మీరు తీస్తారా, నన్ను తీసి వరండాలో పెట్టమంటారా?"

ఆ గొంతు ఆయన ఎన్నడూ విన్నది కాదు. "తీయిస్తాలే" అన్నాడు.

"ఇంకోటి. మేడంకు మీరిప్పుడు చెప్పింది అబద్ధం. మళ్ళీ అడిగితే నేను నిజమే చెబుతాను."

బాబాయ్ అప్పటికే కడిగే తొట్టెలు తోమి బోర్లించాడు. ఆమెను చూసి, "అమ్మా" అన్నాడు. ఆమె పలకలేదు. పొడి డబ్బా మూత తీసి జల్లెడ అందుకుంది. బాబాయ్ వచ్చి జల్లెడ రెండో వైపు పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చింది. అంతకుమించి ఆ రోజు ఇవ్వలేకపోయింది.

అత్తగారు తన ఇష్టం వచ్చినంతసేపు తీసుకుంది. ముక్కలు వచ్చాయి, గరుకుగా, చెదలు కొట్టినట్టు. నీళ్ళు పాలలా తెల్లబడటం మాని తేటగా నిలిచేదాకా కడిగారు. ఈసారి బాబాయే ముందు నాలుక చాచాడు, తలుపు బార్లా తెరిచి ఉండగానే.

ప్యాకెట్లు ఆస్పత్రికి వెళ్ళిన రోజు సున్నమ్మ కూడా వెళ్ళింది, విరిగిన ముక్కల పొట్లంతో. డ్రైవరు మళ్ళీ అదే ట్రాలీ మీద, మళ్ళీ పస్తుతో ఉన్నాడు. అక్క ఆమెను చూడగానే లేచింది.

"మళ్ళీ వచ్చావా? ఈసారి ఏం బాగోలేదని?"

"ఈసారి బాగున్నాయక్కా."

"అది నువ్వు చెప్పేదేంటి? పోయినసారి మీవాళ్ళు కూడా బాగున్నాయనే పంపారుగా. ఏదో నాలుకకు పెట్టుకుని చూస్తారట, ప్యాకెట్లు తెచ్చినాయన నర్సుకు చెప్పాడు. ఇలా ఇవ్వు."

సున్నమ్మ పొట్లం విప్పేలోపే ముక్క లాక్కుని, అనుమానంగా తిప్పి చూసి, నాలుక చివర పెట్టుకుంది. అది పట్టేసుకుంది. అక్క లాగింది. రాలేదు. కళ్ళు పెద్దవి చేసి మళ్ళీ లాగింది. ముక్క వేలాడుతుండగానే ఏదో తిట్టబోయింది గానీ ఒక్క అక్షరం తిన్నగా రాలేదు. ట్రాలీ మీద తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆఖరికి ఊడదీసి, మూతి తుడుచుకుని, ముక్కను సున్నమ్మ అరచేతిలో గట్టిగా పెట్టింది.

"ఇంతేనా? ఇంత చిన్న పని చేసి చూడకుండానేనా మా వాణ్ణి కోయబోయారు? మీ సారున్నాడే, వాణ్ణి ఒకసారి తీసుకురా నా దగ్గరికి. నాలుక చాపమంటాను."

తలుపు తెరుచుకుంది. ట్రాలీ లోపలికి కదిలింది. అక్క ఇంకా తిడుతూనే దాని వెంట గుమ్మందాకా నడిచింది. సున్నమ్మ కూడా పక్కనే నడిచింది, ఫ్లాస్కు పట్టుకుని.